తప్పుల్లో చిన్నాపెద్దా ఉంటాయా, తప్పంటే తప్పేనా?

కాగితంపడవ

ఒక వాదన తెగడం లేదు, ఇక్కడ పెడుతున్నాను. మా స్నేహితురాలు ఫోన్ టేబుల్ మీద వదిలి పక్క గదిలోకి వెళ్ళింది. లాక్ పడలేదు. అక్కడ ఇద్దరున్నారు. ఒకడు పైన కనిపించిన మెసేజ్ తెరిచాడు, రెండు లైన్లు చదివాడు, "ఛ, మనకెందుకు" అని ఫోన్ బోర్లా పెట్టేశాడు. రెండోవాడు దాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుని, ఆమె వాళ్ళక్కకి రాసుకున్నదంతా వేలితో తోసుకుంటూ నెలల వెనక్కి వెళ్ళాడు. ఒకచోట ఆగి, ఆ స్క్రీన్‌ని తన ఫోన్‌తో ఫోటో తీసుకున్నాడు. సంగతి బయటపడింది. ఇప్పుడు రెండోవాడి వాదన ఇది: "ఇద్దరం అడక్కుండానే తెరిచాం. తప్పు తప్పే. వాడు కాస్త చదివాడు, నేను ఎక్కువ చదివాను. వాణ్ణి క్షమించి నన్ను వెలేయడం ఏం న్యాయం?"

అడ్డగోలు వాదన అని తెలుస్తూనే ఉంది. కానీ ఎక్కడ అడ్డం తిరిగిందో చెప్పమంటే మాలో ఎవరికీ నోరు పెగల్లేదు. తప్పుకి నిజంగా మోతాదు ఉంటుందా? లేక మోతాదు ఉండేది నష్టానికి, కోపానికి, శిక్షకి మాత్రమేనా?

సుబ్బు_2

ఫోటో తీసుకుని కూడా "కాస్త ఎక్కువ చదివాను" అన్నాడంటే వాడి ధైర్యానికి దండం పెట్టాలి.

పాతపుస్తకం

నవ్వకండి సుబ్బు గారూ, వాడి వెనక రెండు వేల ఏళ్ళు దాటిన వంశవృక్షం ఉంది. గ్రీకు స్టోయిక్ తత్త్వవేత్తలు సరిగ్గా ఇదే అన్నారు: తప్పులన్నీ సమానం. నీళ్ళలో మునిగినవాడు పైకి మూరెడు దూరంలో ఉన్నా, వందల బారల లోతున ఉన్నా ఊపిరాడకపోవడం ఒకటే కదా అని వాళ్ళ ఉదాహరణ.

దీని మీద రోమన్ వక్త సిసెరో వేసిన పిల్లిమొగ్గ చూడాలి. క్రీ.పూ. 63లో మురేనా అనే ఆయన తరఫున కోర్టులో వాదిస్తూ, అవతలి పక్షాన ఉన్న స్టోయిక్ కేటోని ఆటపట్టించాడు. వీళ్ళ లెక్కన అవసరం లేకుండా కోడిపుంజుని చంపినవాడూ, కన్నతండ్రి గొంతు నులిమినవాడూ ఒకటేనట అన్నాడు. అందరూ నవ్వారు. అప్పుడు సిసెరో రోమ్‌లో అందరికంటే పై పదవి అయిన కాన్సుల్ పదవిలో ఉన్నాడు. కేటో కూడా నవ్వి "మన కాన్సుల్ ఎంత హాస్యగాడో" అన్నాడని ప్లూటార్క్ అనే పాతకాలపు గ్రీకు రచయిత రాశాడు. తీరా క్రీ.పూ. 46లో అదే సిసెరో అదే సిద్ధాంతాన్ని సమర్థిస్తూ వ్యాసం రాశాడు! వకీలు కదా, ఏ పక్షమైనా వాదిస్తాడు.

ఆ వ్యాసంలోనే అసలు తమాషా ఉంది. తండ్రిని చంపడమూ బానిసని చంపడమూ సమానమేనా అన్న ప్రశ్న వచ్చేసరికి, తండ్రిని చంపడంలో ఉన్నది ఒక్క తప్పు కాదు, ఎన్నో తప్పులు అంటాడు. కన్నవాణ్ణి, పెంచినవాణ్ణి, చదువు చెప్పినవాణ్ణి, ఇలా చాలామందిని ఒకేసారి చంపినట్టట. అంటే ప్రతి తప్పూ సమానమే, కాకపోతే ఒక పనిలో ఎన్ని తప్పులున్నాయో లెక్కపెట్టుకోవాలి. సింహద్వారం దగ్గర తరిమేసిన మోతాదు దొడ్డిదారిన లోపలికొచ్చి కూర్చుంది.

అదే లెక్కన మీ రెండోవాణ్ణి చూడండి. తెరవడం ఒకటి, మొదటివాడు ఆగిపోవడం కళ్ళారా చూసి కూడా సాగించడం ఇంకొకటి, వెనక్కి తవ్వడం, ఫోటో తీయడం, దాన్ని దగ్గర పెట్టుకోవడం. సమానమనే సిద్ధాంతం పట్టుకున్నా వాడు బయటపడడు.

నిదానంగా

ఇక్కడ రెండు ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

ఒకటి: ఈ పని చేయవచ్చా, కూడదా? దీనికి జవాబు అవును, కాదు, అంతే. "కొంచెం చేయకూడదు" అనేది ఉండదు. రెండోది: చేయకూడని పని చేశాక, అది ఎంత చేయకూడనిది? దీనికి ఎక్కువ తక్కువలుంటాయి. మొదటి ప్రశ్నలో మధ్యరకం లేదు కాబట్టి రెండోదాంట్లోనూ ఉండదనుకోవడమే స్టోయిక్‌ల పొరపాటు. పరీక్ష తప్పినవాళ్ళలో ఒక్క మార్కులో పోయినవాడూ ఉంటాడు, ఖాళీ కాగితం ఇచ్చి వచ్చినవాడూ ఉంటాడు. ఇద్దరూ తప్పారన్నది నిజం. ఇద్దరూ ఒకేలా రాశారన్నది అబద్ధం.

కాగితంపడవ గారూ, మీ స్నేహితుడు చేస్తున్న గారడీ అదే. "ఇద్దరం తప్పు చేశాం" అని నిజం చెప్పి, దాని తోకకి "కాబట్టి సమానం" అని కట్టాడు. ఆ "కాబట్టి" ఎక్కడినుంచి వచ్చిందో అడగండి.

వాదనప్రియ

నేను ఎదురు పక్షం. మోతాదు అనేది తప్పు చేసినవాళ్ళు తమకోసం కనిపెట్టుకున్న సౌకర్యం. ఎవరిని పట్టుకున్నా తనకంటే పెద్దవాణ్ణి వేలెత్తి చూపిస్తాడు. ఆఫీసులో బిల్లు పెంచి రాసినవాడు కోట్లు మింగినవాణ్ణి చూపిస్తాడు, చెంపదెబ్బ కొట్టినవాడు కత్తితో పొడిచినవాణ్ణి చూపిస్తాడు. ఈ మెట్ల మీద ఎక్కడ నిలబడ్డా పైన ఇంకొకడు కనిపిస్తూనే ఉంటాడు. "చిన్నదే కదా" అనే మాట లేకపోతే ప్రపంచంలో సగం తప్పులు మొదలే కావు. స్టోయిక్‌లకి ఇది తెలుసు. చిన్న తప్పుకి రాయితీ ఇస్తే అది చిన్నగా ఉండదు.

రాధిక_యం

వాదనప్రియ గారూ, ఈ కథలోనే చూడండి. "అన్నీ సమానం" అంటున్నది ఎవరు? పెద్ద తప్పు చేసినవాడు. చిన్న తప్పు చేసినవాడికి మోతాదు కావాలి, పెద్ద తప్పు చేసినవాడికి సమానత్వం కావాలి. రెండు సిద్ధాంతాలకీ దొంగల్లోనే గిరాకీ ఉంది. కాబట్టి ఎవరికి పనికొస్తోందన్నదాన్ని బట్టి ఏది నిజమో తేల్చలేం.

వాదనప్రియ

:) ఈ దెబ్బ తగిలింది. కానీ నా మాట పూర్తిగా పోలేదు. చిన్న తప్పుని "చిన్నది" అని ముందే అనుకుని చేయడం వేరు, చేశాక ఇంకొకరు "చిన్నదేలే" అనడం వేరు. మొదటిది కుట్ర, రెండోది క్షమ. మోతాదు అనేది చేసేవాడి చేతిలో ఉండకూడదు, అది నా పట్టుదల.

మూడోకన్ను

గ్రీసు దాకా వెళ్ళారు, పతంజలిని వదిలేశారు. యోగసూత్రాల్లో రెండో పాదం 34వ సూత్రం సరిగ్గా ఈ విషయమే. హింస మొదలైనవి తాను చేసినవి కావచ్చు, ఒకరి చేత చేయించినవి కావచ్చు, ఎవరో చేస్తుంటే "బాగుంది" అని ఒప్పుకున్నవి కావచ్చు. అవి లోభంతో, కోపంతో, మోహంతో జరుగుతాయి. మృదువు, మధ్యం, అధిమాత్రం అని వాటికి తీవ్రత కూడా ఉంది. మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు. ఆ సూత్రాలకి వ్యాఖ్యానమైన వ్యాసభాష్యం అక్కడితో ఆగకుండా మృదువులో మళ్ళీ మృదువు, మధ్యం, తీవ్రం అని విడగొట్టి మొత్తం 81 రకాలు తేల్చింది. ఇంతకంటే సూక్ష్మంగా మోతాదు చెప్పినవాళ్ళు ఎవరున్నారు?

అయితే అదే పాదంలో దానికి కాస్త ముందు, 31వ సూత్రంలో, యమాలు, అంటే అహింస, సత్యం లాంటి నియమాలు, జాతి, దేశ, కాల, సమయాలతో నిమిత్తం లేని మహావ్రతం అన్నాడు. అంటే పాటించాల్సింది మినహాయింపు లేకుండా. తప్పినప్పుడు మాత్రం 81 రకాలు. నిదానంగా గారు విడదీసిన రెండు ప్రశ్నలూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్నొకటి కొట్టుకోకుండా.

బౌద్ధ వినయంలోనూ, అంటే భిక్షువుల నియమావళిలోనూ, ఇంతే. థేరవాద సంప్రదాయంలో భిక్షువుకి 227 నియమాలు. మొదటి నాలుగు పారాజికాలు, వాటిలో ఏది తప్పినా భిక్షుత్వమే పోతుంది. తర్వాతి 13 సంఘాదిసేసాలకి సంఘం కూర్చుని విచారించి ప్రాయశ్చిత్తం వేస్తుంది. కిందికి వెళ్ళేకొద్దీ తోటి భిక్షువు దగ్గర చెప్పుకుంటే సరిపోయేవి. అన్నీ నియమాలే, కానీ అన్నిటి బరువూ ఒకటి కాదు.

సుబ్బు_2

81లో ఫోన్ ఫోటో ఎన్నోదండీ?

మూడోకన్ను

తాను చేసినది, మోహంతో, తీవ్రం. నంబర్ మీరే వేసుకోండి. ఆ ఫోటో చూసి నవ్విన వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళది అనుమోదితం, అంటే "బాగుంది" అని ఒప్పుకున్నది, మర్చిపోవద్దు.

లా_చదివినోడు

చట్టం వైపు నుంచి కొంచెం. మోతాదు లేని చట్టం ఎలా ఉంటుందో ఏథెన్స్ ఒకసారి చూసింది. క్రీ.పూ. 7వ శతాబ్దంలో డ్రాకో రాసిన శాసనాల్లో దాదాపు అన్నిటికీ మరణశిక్షే అని ప్లూటార్క్ చెబుతాడు. ఎందుకలా అంటే, చిన్న నేరాలకి అది తగినదే, పెద్దవాటికి అంతకంటే పెద్ద శిక్ష దొరకలేదు అన్నాడట. తర్వాత వచ్చిన సోలోన్ హత్యకి సంబంధించినవి తప్ప మిగతావన్నీ కొట్టేశాడు.

1764లో ఇటలీ నుంచి, నేరాలూ శిక్షల మీద పుస్తకం రాసిన బెకారియా చెప్పిన కారణం చాలా ఆచరణాత్మకం. సమాజానికి వేర్వేరు స్థాయిల్లో హాని చేసే రెండు నేరాలకి ఒకే శిక్ష పెడితే, పెద్దదానిలో లాభం ఎక్కువ కనిపించినప్పుడు మనిషి పెద్దదే చేస్తాడు. దోచుకున్నా ఉరే, దోచుకుని చంపినా ఉరే అయితే సాక్షిని బతకనివ్వడం దేనికి? వాదనప్రియ గారు చిన్న తప్పుకి రాయితీ ఇస్తే పెరుగుతుందన్నారు. రాయితీ లేకపోయినా పెరుగుతుంది, ఒకేసారి పై మెట్టుకి.

ఒక హెచ్చరిక. చట్టంలో ఉన్న మెట్లు నీతిలో ఉన్న మెట్లు కావు. ఉద్దేశపూర్వకంగా చేసినదా, జరుగుతుందని తెలిసీ చేసినదా, నిర్లక్ష్యమా అని చట్టం చూస్తుంది, అది నీతికి దగ్గరే. కానీ ఫలితాన్ని కూడా చూస్తుంది. గురి తప్పిన తుపాకీకి చాలాచోట్ల శిక్ష తక్కువ. కాల్చినవాడి మనసులో మాత్రం ఏం తేడా ఉంది?

నిదానంగా

ఆ చివరి వాక్యం చిన్నది కాదు. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే తత్త్వవేత్తలు ఇద్దరూ కలిసి చర్చకి పెట్టింది ఇదే, నైతిక అదృష్టం అన్నారు. ఇద్దరు డ్రైవర్లు ఒకే వేగంతో, ఒకేలా ఫోన్ చూస్తూ నడుపుతున్నారనుకోండి. ఒకడి బండి ముందుకి పిల్లవాడు పరిగెత్తుకొచ్చాడు, రెండోవాడి ముందుకి ఎవరూ రాలేదు. ఒకడు జీవితాంతం నిద్రపోడు, రెండోవాడికి ఆ రోజు గుర్తు కూడా ఉండదు. ఇద్దరూ చేసింది అక్షరాలా ఒకటే.

నా ఉద్దేశంలో ఇద్దరి తప్పూ సమానమే. తేడా ఉన్నది జరిగినదాంట్లో, దాన్ని మోయాల్సిన బాధ్యతలో. రెండో డ్రైవర్ తప్పు తక్కువైంది కాదు, బయటపడలేదు, అంతే. మోతాదు ఉందని ఒప్పుకున్నంత మాత్రాన మనకి కనిపించే ప్రతి తేడా మోతాదు తేడా అనుకోకూడదు. మన కోపం నెత్తుటిని చూసి పెరుగుతుంది, మనిషి చేసినదాన్ని చూసి కాదు.

రాధిక_యం

బాధపడినవాళ్ళ వైపు నుంచి ఎవరూ మాట్లాడటం లేదు. ఆ అమ్మాయిని అడిగితే ఏమంటుందో? నాకు తెలిసిన ఒకామెకి ఇలాంటిదే జరిగింది. ఎక్కువ చదివినవాడంటే ఆమెకి మొదటినుంచీ పెద్ద నమ్మకం లేదు, "వాడంతే" అని వదిలేసింది. రెండు లైన్లు చదివి మానేసిన మనిషితో మాత్రం ఇప్పటికీ సరిగ్గా మాట్లాడదు. ఎందుకంటే అతనితో ఆమె అన్నీ చెప్పుకునేది. అడిగితే ఆ రెండు లైన్లూ తనే చెప్పేదాన్ని అంటుంది.

మీ మెట్ల మీద చిన్న తప్పు ఆమె లోపల పెద్దదైంది. ఇప్పుడు ఎవరి లెక్క సరైనది?

పాతపుస్తకం

రాధిక గారు గట్టి ప్రశ్న వేశారు. జర్మన్ తత్త్వవేత్త కాంట్‌ని తెచ్చుకుంటే కొంత దారి దొరుకుతుంది. కాంట్ అనగానే తలుపు దగ్గరికి హంతకుడు వచ్చి అడిగినా అబద్ధం చెప్పకూడదన్న 1797 నాటి వ్యాసమే అందరికీ గుర్తొస్తుంది, నలుపు తెలుపు మనిషి అనుకుంటారు. కానీ అదే సంవత్సరం వచ్చిన నీతిశాస్త్ర గ్రంథంలో దోషానికి తరతమాలు ఉంటాయని ఆయనే రాశాడు. లోపలి కోరికలు, భయాలు అడ్డం పడటం ఎంత తక్కువగా ఉంటే, కర్తవ్యం ఎంత బలంగా ఎదురుగా నిలబడి ఉంటే, దాన్ని దాటినవాడి దోషం అంత ఎక్కువ. ప్రాణభయంతో వణుకుతూ చేసినది ఒకటి, తీరుబడిగా కూర్చుని చేసినది ఇంకొకటి.

మీకు తెలిసిన ఆమె విషయంలో, అన్నీ చెప్పుకునే స్నేహం అనేది ఆ మనిషికి ఎదురుగా ఉన్న కర్తవ్యాన్ని ఇంకా పెంచింది. కాబట్టి ఆమె లెక్క కేవలం బాధ లెక్క కాదు. ఆమె ఎక్కువ చూస్తోంది, మనం లైన్లు లెక్కపెడుతున్నాం.

కాగితంపడవ

ఇది నాకు తట్టలేదు. మేమంతా ఎంత చదివాడు, ఫోటో తీశాడా లేదా, ఇదే చూస్తున్నాం. ఎవరు చదివాడన్నది వదిలేశాం.

పిట్టగోడ

కొత్తగా చేరాను, చొరవ తీసుకుంటున్నందుకు ఏమనుకోకండి. నష్టాన్ని బట్టే మోతాదు అనేవాళ్ళకి ఒక చిక్కు. తత్త్వవేత్త డెరిక్ పార్ఫిట్ 1984లో ఇచ్చిన ఉదాహరణ: వెయ్యి మంది హింసించేవాళ్ళు, వెయ్యి మంది బాధితులు. ఒక్కొక్కడూ ఒక మీట నొక్కుతాడు. ఒక్క మీటతో ప్రతి బాధితుడి నొప్పీ వాళ్ళకే తెలియనంత కొంచెం పెరుగుతుంది. వెయ్యి మీటలూ పడేసరికి భరించలేని బాధ. ఎవడికి వాడు "నా మీట వల్ల ఎవరికీ ఏమీ కాలేదు" అనొచ్చు, అది నిజం కూడా. అయినా ఒక్కడి తప్పూ సున్నా కాదు.

ఇది ఊహ అనుకోకండి. ఒక అమ్మాయి ఏదో పోస్టు పెడుతుంది. కింద ఒకడు వెటకారంగా ఒక బొమ్మ, ఇంకొకడు "ఇదొకటి తక్కువైంది" అని, మరొకడు నవ్వుతున్న మొహం. విడివిడిగా ఏదీ తిట్టు కాదు. పొద్దున లేచేసరికి నాలుగు వందలుంటాయి. ఆమె అకౌంట్ మూసేస్తుంది. నాలుగు వందల మందిలో ఒక్కడు కూడా రాత్రి తప్పు చేశానని అనుకోడు.

నిదానంగా

బాగా చెప్పారు, స్వాగతం. "అందరూ చేస్తున్నదాంట్లో నాదెంత" అని భాగహారం చేసుకోవడం తప్పు లెక్క. నాలుగు వందలవ మనిషి ముందున్న 399 చూసి మరీ తనది కలిపాడు. నా లెక్కలో అతనిది మొదటివాడికంటే బరువు.

సుబ్బు_2

బొంకవచ్చని శుక్రాచార్యుడే చెప్పాడు కదా, మరి అది ఏ మెట్టు? పోతన భాగవతంలో బలికి చెప్తాడు: ఆడవాళ్ళ విషయంలో, పెళ్ళిళ్ళలో, ప్రాణం, ధనం, మానం పోయే సందర్భంలో, భయపడ్డ గోవుల్ని, విప్రుల్ని కాపాడేటప్పుడు బొంకితే పాపం రాదు అని. జోకు కాదు, నిజంగానే అడుగుతున్నాను.

మూడోకన్ను

మంచి ప్రశ్న అడిగారు, ఎప్పుడూ ఇలాగే అడగొచ్చు కదా. శుక్రుడు "తక్కువ పాపం" అనలేదు, పాపమే అంటదన్నాడు. అది మోతాదు కాదు, మినహాయింపు. మినహాయింపులో పడిన పని తప్పుల మెట్ల మీదే ఉండదు. చిన్న తప్పు మాత్రం మెట్ల మీదే ఉంది, కింది మెట్టు, అంతే. జనం ఈ రెంటినీ కలిపేస్తారు. "చిన్నదే కదా" అంటూ మొదలుపెట్టి "అసలు తప్పే కాదు" దగ్గర తేలుతారు. బలి ఆ మినహాయింపు తీసుకోలేదు, మాట తిరగనన్నాడు.

మినహాయింపు కానిదానికి ధర్మరాజు ఉన్నాడు. ద్రోణుడితో "అశ్వత్థామ చచ్చాడు" అని పైకి చెప్పి, ఏనుగు మాట గొణిగాడు. అప్పటిదాకా నేలకి నాలుగు అంగుళాల పైన నడిచే అతని రథం నేలని తాకింది. యుద్ధంలో గెలవడానికే చెప్పాడు, కృష్ణుడు చెప్పమన్నాడు, సగం నిజం కూడా. ఇన్ని తగ్గింపులు ఉన్నాయి. అయినా రథం దిగింది. అయితే నేల దాకానే దిగింది, నేలలోకి కూరుకుపోలేదు.

పాతపుస్తకం

స్టోయిక్‌లకి పూర్తిగా అవతలి కొసన ఉన్నవాళ్ళనీ చెప్పేసి ఊరుకుంటాను. ఆలస్టెయిర్ నార్క్రాస్ అనే తత్త్వవేత్త 2020లో దీని మీద ఒక పుస్తకమే వేశాడు. ఆయన ప్రకారం తప్పు, ఒప్పు అనే గీతే అసలైనది కాదు. ఒక పని ఇంకో పనికంటే మేలు లేదా కీడు, ఉన్నది అంతే. స్టోయిక్‌లు గీత ఉంచుకుని మెట్లు తీసేశారు, ఈయన మెట్లు ఉంచుకుని గీత చెరిపేశాడు. నాకు రెండూ నచ్చవు. గీత లేకపోతే "ఇది చేయను" అని అడ్డంగా నిలబడే మనిషికి కాలు పెట్టుకునే చోటుండదు.

వాదనప్రియ

సరే, మెట్లున్నాయనే అనుకుందాం. ఎన్ని నిచ్చెనలు? నమ్మకద్రోహం, చేయి చేసుకోవడం, దొంగతనం, ఒకరి మీద అబద్ధపు నింద, వీటన్నిటినీ ఒకే నిచ్చెన మీద ఎలా నిలబెడతారు? స్నేహితుడి రహస్యం బయటపెట్టడం ఎక్కువా, వాడి చెంప పగలగొట్టడం ఎక్కువా? ఎవరైనా జవాబు చెప్పండి.

నిదానంగా

చెప్పలేను, చెప్పాల్సిన అవసరమూ లేదనుకుంటాను. ఒకే జాతి తప్పుల్ని పోల్చవచ్చు: చిన్న అబద్ధం, పెద్ద అబద్ధం. వేరు జాతులైతే మరీ దూరంగా ఉన్నప్పుడు పోల్చవచ్చు. చిన్న అబద్ధం కంటే హత్య పెద్దది అనడానికి ఎవరూ తడుముకోరు. ఆ మధ్యలో ఉన్నదాంట్లో చాలా భాగం ఖాళీగా వదిలేయాల్సిందే. రహస్యం ఎక్కువా చెంపదెబ్బ ఎక్కువా అంటే, రెండూ సమానం అని కాదు, రెంటికీ ఒకే కొలత లేదు అని. పోల్చలేనివి ఉన్నాయని పోల్చగలిగినవి పోవు.

లా_చదివినోడు

ఆ ఖాళీ వదిలే వెసులుబాటు మనకుంది, తీర్పు రాసేవాళ్ళకి లేదు. రహస్యం బయటపెట్టినందుకు ఇన్ని నెలలు, చెంపదెబ్బకి ఇన్ని నెలలు అని ఏదో ఒక అంకె వేయాల్సిందే, వేయగానే రెండూ ఒకే నిచ్చెన మీదికి ఎక్కినట్టు కనిపిస్తాయి. ఒకే రకం కేసులో ఇద్దరు న్యాయమూర్తులు వేర్వేరు శిక్షలు వేస్తే జనం అన్యాయం అంటారు. కొన్నిసార్లు అది అన్యాయమే. కొన్నిసార్లు మాత్రం, లేని కొలతని తెమ్మంటే ఇద్దరూ చెరొకటి తెచ్చారు.